చూడకుండా ఆడిన ఆట

1939 ఆగస్టులో అర్జెంటీనా దేశపు బ్యూనస్ ఎయిర్స్ నగరంలో దేశాల మధ్య చదరంగపు పోటీలు ఆరంభమైనాయి. పోలెండు జట్టులో 29 ఏండ్ల యూదు యువకుడు నైడోర్ఫ్ ఉన్నాడు. పోటీలు ముగియకముందే, సెప్టెంబరు 1న, జర్మనీ సేనలు పోలెండుపై దండెత్తాయి. నైడోర్ఫ్ అర్జెంటీనాలోనే నిలిచిపోయాడు. మిగెల్ అని పేరు మార్చుకొని ఆ దేశ పౌరుడయ్యాడు. భార్య, బిడ్డ, తల్లిదండ్రులు, నలుగురు సోదరులు పోలెండులో చిక్కుకొన్నారు.

తన పేరు పత్రికలకెక్కితే, బతికి ఉన్నవారెవరైనా చూసి కబురు పంపుతారని ఆయన ఆశ. 1947లో బ్రెజిల్‌లోని సావో పాలోలో, బల్లలవైపు చూడకుండా ఒకేసారి 45 మందితో ఆడాడు. ఎదుటివారి ఎత్తులు చెవితో వినాలి, తన ఎత్తులు నోటితో చెప్పాలి. 1,440 పావులూ మనసులోనే నిలవాలి! దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ సాగిన ఆ పోటీలో 39 ఆటలు గెలిచాడు. నాలుగు సమమైనాయి, రెండు ఓడాడు. వార్త లోకమంతా పాకింది. ఇంటివారి కబురు మాత్రం రాలేదు. వారందరూ అప్పటికే హతులైనారు.

ఆయన 1997లో స్పెయిన్‌లో మరణించాడు. సిసిలియన్ అనే ఆరంభంలో నల్లపావులతో ఆడేవారు ఐదవ ఎత్తుగా, మంత్రివైపు అంచు బంటును ఒక్క గడి జరిపే పద్ధతి ఆయన పేరుతోనే ఉంది. ఆ ఎత్తును మొదట ఆడినది ఆయన కాదు. దాని లోతులు చూపినవాడు ఆయన. చూడడానికి అది పనిలేని ఎత్తులా ఉంటుంది. కాని తెల్లగుర్రాలు ఆ పక్కకు దూకకుండా చేస్తుంది. ప్రపంచ విజేతలైన ఫిషర్, కాస్పరోవ్‌లు కూడా ఈ ఎత్తును నమ్ముకొని ఆడారు.