భూకంప తరంగాలను వేరుచేసి చూపిన ఓల్డ్‌హామ్

రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ 1858లో డబ్లిన్‌లో జన్మించారు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ తొలి అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ ఆయన తండ్రి. 1879లో అదే సంస్థలో చేరిన రిచర్డ్, 1869 నాటి కచార్ భూకంపంపై తండ్రి అసంపూర్తిగా విడిచిన నివేదికను పూర్తిచేసి వెలువరించారు.

1897 జూన్ 12న సంభవించిన మహాభూకంపం అస్సాంను అతలాకుతలం చేసింది. షిల్లాంగ్ నేలమట్టమైంది, సుమారు 1,500 మంది మరణించారు. దర్యాప్తు జరిపిన ఓల్డ్‌హామ్, బండరాళ్లు నేల నుంచి పైకి ఎగిరిపడిన తీరును బట్టి కుదుపు బలం గురుత్వాకర్షణను మించిందని నిర్ధారించారు. ఐరోపాలోని పరికరాలు నమోదు చేసిన ఆ భూకంపపు రేఖలను పరిశీలించి, ముందుగా చేరే ప్రాథమిక తరంగాలను, వాటి వెనుక వచ్చే ద్వితీయ తరంగాలను, చివర చేరే ఉపరితల తరంగాలను వేరుపరిచారు. భూమి అవతలి వైపుకు తరంగాలు ఆలస్యంగా చేరడాన్ని గమనించి, భూమికి కేంద్రకం ఉన్నదనడానికి 1906లో తొలి స్పష్టమైన ఆధారం చూపారు.

కంప్యూటర్ల యుగం రాకముందే, 1936లో ఆయన కన్నుమూశారు. అయితే తరంగవేగం అది సాగే పదార్థాన్ని బట్టి మారుతుందన్న, ఆయన పరిశోధనకు మూలమైన సూత్రమే నేటి కంప్యూటర్ అనుకరణలకూ ఆధారం. అవి నేలను చిన్న చిన్న గడులుగా విభజించి, ఒక్కొక్క గడి గుండా తరంగం సాగే తీరును లెక్కగడతాయి. గట్టి శిలలో వేగంగా సాగే తరంగం మెత్తటి ఒండ్రునేలలో నెమ్మదించి, కుదుపును పెంచుతుంది. బ్రహ్మపుత్ర ఒడ్డున లక్షలాది మంది నివసించే గువాహటి వంటి నగరాలలో భవనాలు ఎంతటి కుదుపును తట్టుకోవాలో ముందే అంచనా వేయడానికి తోడ్పడేవి ఈ లెక్కలే.