సర్ హంఫ్రీ డేవీయును ఓడల రాగితొడుగును

ఇంగ్లాండు దేశపు నైరృతి కొననున్న పెన్జాన్సు అను రేవుపట్టణమందు 1778 వ సంవత్సరము డిశెంబరు 17 వ తేదీని హంఫ్రీ డేవీ జన్మించెను. తండ్రి కొయ్యచెక్కడపు పనివాడు. కుమారునకు పదునారేండ్లైన నిండకమునుపే ఆయన గతించెను. డేవీ యొక వైద్యునియొద్ద పని నేర్వజేరి, ఆ మందుసీసాల నడుమనే రసాయనశాస్త్రము నభ్యసించెను. 1801 లో లండనునందలి రాయల్ ఇన్‌స్టిట్యూషను జేరి, 1807 లో విద్యుత్ప్రవాహముచే పొటాసియము, సోడియములను వేరుపరచెను. 1815 లో బొగ్గుగని పనివారికి రక్షకదీపమును గల్పించెను. ఇవి పాఠ్యపుస్తకములందే కలవు గనుక, అంతగా వినబడని మరియొక సంగతిని జెప్పెదను.

ఆ కాలమున కొయ్యయోడల యడుగున రాగిరేకులు తాపెడివారు. ఓడపురుగు కొయ్యను దొలువకుండుటకును, నాచు, గుల్లలు పట్టకుండుటకును అదియే యుపాయము. కాని యుప్పునీరు రాగిని దినివేయుచుండుటచే రేకులు కొన్నియేండ్లకే పలుచనై చిల్లులు పడుచుండెను. నౌకాశాఖవారు 1823 లో దీనికి బ్రతిక్రియ యడుగగా, డేవీ తనకు జిరపరిచితమైన విద్యుచ్ఛాస్త్రమునే యాశ్రయించెను. తుత్తునాగమునుగాని పోతయినుమునుగాని రాగికి దాకించియుంచినచో సముద్రజలము వానినే తినును, రాగి నిలుచును. రాగి వైశాల్యములో 40 వ వంతు మొదలు 150 వ వంతు వరకు గల చిన్నముక్కయే చాలునని యాయన కనుగొనెను. 1824 లో సమరాంగ్ అను యుద్ధనౌకకు పోతయినుప దిమ్మలమర్చి పంపిరి. ఆ యోడ మన దేశమందలి కొచ్చిన్ రేవున టేకుకొయ్యతో గట్టబడినదే!

రాగి యరుగుట నిలిచెను. చిక్కును అచ్చటనే పుట్టెను. రాగి కొంచెముకొంచెముగ నీట గరగుచున్నంతకాలమే దాని విషము గుల్లలను దరిజేరనీయదు. కరగుట మానిన రేకుపై నాచును గుల్లలును దట్టముగ బెరిగి యోడలు మందగించెను. 1825 లో సముద్రయానము జేయు నోడలనుండి యా దిమ్మలను దొలగింప నుత్తరువయ్యెను. రాయల్ సొసైటీ యధ్యక్షుడైన డేవీకి ఈ యపజయము మిక్కిలి దుఃఖకరమాయెను. సిద్ధాంతమున దోషములేదు; ఒక్క తొడుగే రెండుపనులను జేయవలసివచ్చుటయే చిక్కు.

నేడాపనులను విడదీసినారు. ఉక్కుయోడలకు తుప్పుపట్టకుండ ఎపాక్సీ రంగుపూతయు, తుత్తునాగపు దిమ్మలును. గుల్లలకై పైన రాగిసమ్మేళనము గలిపిన వేరొక పూత. స్టెయిన్‌లెస్ స్టీలునకు సయితము ఉప్పునీట సన్నని గుంటలు పడును గనుక, దానికిని పాలిమరు పూతలను బూయుచున్నారు.

డేవీ 1826 తుదిని పక్షవాతముచే బీడితుడై, 1829 మే 29 వ తేదీని జెనీవా నగరమున మరణించి, యచ్చటనే సమాధిచేయబడెను.