అభిషిక్తుడను బిరుదు: పాస్నెట్ దొరగారి జీవితము

(చదువవలసిన భాగములు: లూకా 4:16–21, యోహాను 6:1–15)



మన ఊళ్లలో ఇంటిపేరు ముందు, మనిషి పేరు తరువాత వచ్చును. అందుచేత కాబోలు, క్రీస్తనునది యేసు పేరులోని రెండవ భాగమని అనేకులు తలంచుచున్నారు. అది పేరు కాదు, బిరుదు. హెబ్రీలో మెస్సీయ, గ్రీకులో క్రీస్తు, తెలుగులో అభిషిక్తుడు, మూడును ఒకటే. ఇశ్రాయేలులో యాజకుని, రాజును తైలముతో అభిషేకించి పనికి నియమించెడివారు. అనగా అభిషేకము గౌరవమునకు మాత్రమే కాదు, పనికి. నజరేతు సమాజమందిరములో మన ప్రభువు యెషయా గ్రంథమును విప్పి, తన అభిషేకము బీదల కొరకని తెలియజేసెను.

ఈ బిరుదును నమ్మినవాడు ఎట్లు జీవించునో మన మెదకు అధ్యక్ష మండలము మరువరాదు.

చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు 1870లో జన్మించిరి. వెస్లియన్ మెథడిస్టు మిషను పంపగా 1895లో సికింద్రాబాదు చేరి, తిరుమలగిరి దండులో ఆంగ్ల సిపాయిలకు బోధకులైరి. అక్కడ బంగళా కలదు, గౌరవము కలదు. అయినను ఆయన మనస్సు పల్లెల మీదనే యుండెను. 1896లో దండును విడిచి, గుఱ్ఱముపై మెదకు చేరిరి. నేడు మేడ్చల్ మీదుగా తూప్రాన్ దాటి మనము పూటలో పోయి వచ్చు ఆ దూరము నాడు రెండు దినముల ప్రయాణము. ఊరి వెలుపల మాల మాదిగ వాడలలో, వెట్టిచాకిరితో క్రుంగినవారి మధ్య ఆయన తిరిగిరి.

1914లో మెదకు దేవాలయమునకు పని ఆరంభమాయెను. మొదటి ప్రపంచ యుద్ధము వచ్చెను, కరువు వచ్చెను. ఆకలిగొన్నవారిని బిచ్చగాండ్రను చేయుటకు దొరగారికి మనస్సొప్పలేదు. పని యిచ్చి, పనికి కూడు పెట్టిరి. పది యేండ్లు వేలమంది చేతులు రాళ్లు మోసెను. నూరు అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, 175 అడుగుల గోపురముతో ఆ మందిరము 1924 డిశంబరు 25న ప్రతిష్ఠింపబడెను.

కూటి కొరకే క్రైస్తవులైరని అప్పుడు లోకము నిందించెను, ఇప్పుడును నిందించుచున్నది. ప్రియులారా, ఈ నిందకు కోపపడక వాక్యమును చూడుడి. ప్రభువు అయిదు వేలమందికి రొట్టెలు పెట్టెను. ఆ జనులు ఆయనను బలవంతముగా రాజును చేయజూడగా, ఒంటరిగా కొండకు వెళ్లెను. ఆయన రొట్టె నిచ్చుట మానలేదు; రొట్టె కొరకైన కిరీటమును మాత్రము ఒల్లలేదు. అభిషిక్తుని రాజ్యము సిలువ మీదుగా వచ్చునది. మెదకులోను కొందరు ఆకలితో వచ్చియుండవచ్చును. కాని కరువు పోయిన తరువాతను ఆరాధన నిలిచినది. కూడు తీరిన పిమ్మట నిలిచిన విశ్వాసమును కూటి విశ్వాసమనుట న్యాయమా?

పాస్నెట్ గారు 1939లో పని విరమించి, 1950లో ప్రభువునందు నిద్రించిరి. ఆ మందిరపు రంగుటద్దముల కిటికీలలో ఆరోహణపు కిటికీ 1927లో, జననపు కిటికీ 1947లో అమర్చబడెను. సిలువ కిటికీ 1958లో వచ్చెను; దానిని దొరగారు చూడలేదు. కాని ఆ కిటికీ చెప్పు సంగతిని ఆయన అంతకు మునుపే పల్లెలలో చెప్పియుండిరి.

మేడ్చల్, శామీరుపేట సంఘముల వారలారా, మన పొలములు నేడు ప్లాట్లాయెను, కార్ఖానాలాయెను. దూరపు రాష్ట్రముల కూలీలు మన వాకిటనే రేకుల గుడిసెలలో నున్నారు. క్రైస్తవుడనగా అభిషిక్తునివాడు. ఆ పేరు మన రిజిస్టరులో నున్నది; ఆ పని మన చేతులలో నున్నదా?

అభిషిక్తుడవైన ప్రభువా, నీ బిరుదును పలుకు మా నోళ్లకు, నీ పనిచేయు చేతులను దయచేయుము. ఆమేన్.