సూపర్‌మ్యాన్ తొలి పుస్తకం ధర రూ.50 కోట్లు.. బొమ్మలు గీసిన జో షుస్టర్‌కు దక్కిందేంటి?

సూపర్‌మ్యాన్‌ని గుర్తుపట్టని పిల్లాడు ఉండడు. కానీ ఆ బొమ్మకు ప్రాణం పోసిన జో షుస్టర్ ఎవరో చాలామందికి తెలీదు. ఆయన గీసిన తొలి సూపర్‌మ్యాన్ కథ ఉన్న పాత కామిక్ పుస్తకం ఒకటి 2024 ఏప్రిల్‌లో అమెరికాలో వేలానికి వచ్చింది. ధర ఎంత పలికిందో తెలుసా? 60 లక్షల డాలర్లు.. మన లెక్కలో దాదాపు రూ.50 కోట్లు! మరి ఆ బొమ్మలు గీసిన చేతికి ఏం దక్కింది?

పేపర్ కొనే డబ్బుల్లేవ్

షుస్టర్ 1914 జులై 10న కెనడాలోని టొరంటోలో పుట్టారు. తండ్రి దర్జీ. ఇంట్లో డబ్బుకు ఇబ్బందే. బొమ్మలంటే పిచ్చి ఉన్నా తెల్ల కాగితం కొనే స్తోమత లేదు. దుకాణాలవాళ్లు పారేసిన కాగితాలు, వాల్‌పేపర్ ముక్కల వెనక వైపు.. ఏది దొరికితే దాని మీదే గీసేవారు. చిన్నతనంలోనే కుటుంబం అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌కు మారింది. అక్కడి హైస్కూల్లో జెర్రీ సీగెల్ పరిచయమయ్యారు. సీగెల్ కథ రాస్తే షుస్టర్ బొమ్మ వేసేవారు. అలా పుట్టినవాడే సూపర్‌మ్యాన్. ఏళ్ల తరబడి ఎవరికి చూపించినా వద్దన్నారు.

13 పేజీలు.. 130 డాలర్లు

చివరికి 1938లో యాక్షన్ కామిక్స్ తొలి సంచికలో ఆ కథ వచ్చింది. కారును రెండు చేతులతో పైకెత్తిన సూపర్‌మ్యాన్ కవర్ బొమ్మ కూడా షుస్టర్‌దే. పుస్తకం ధర 10 సెంట్లు. పేజీకి 10 డాలర్ల చొప్పున 13 పేజీలకు ఇద్దరికీ కలిపి ఇచ్చింది 130 డాలర్లు. దాంతోపాటు సూపర్‌మ్యాన్ మీద హక్కులన్నీ కంపెనీకి రాసిచ్చేశారు.

1947లో ఇద్దరూ కోర్టుకెక్కారు. హక్కులు తిరిగి రాలేదు సరికదా.. ఉద్యోగం పోయింది, పుస్తకాల్లో వాళ్ల పేర్లూ పోయాయి. ఆ తర్వాత షుస్టర్ చూపు కూడా బాగా మందగించింది. బొమ్మలు గీసి బతికే మనిషికి అంతకన్నా దెబ్బ ఏముంటుంది?

1975లో సూపర్‌మ్యాన్ సినిమా తీస్తున్నారని తెలిసి సీగెల్ గట్టిగా గొంతెత్తారు. తోటి కార్టూనిస్టులు అండగా నిలిచారు. దాంతో వార్నర్ సంస్థ దిగొచ్చింది. ఇద్దరికీ ఏడాదికి 20 వేల డాలర్ల చొప్పున భృతి, వైద్య ఖర్చులు ఇచ్చేందుకు ఒప్పుకుంది. సృష్టికర్తలుగా వారి పేర్లు మళ్లీ అచ్చులోకి వచ్చాయి. షుస్టర్ 1992 జులై 30న లాస్ ఏంజెలిస్‌లో కన్నుమూశారు. అప్పటికీ ఆయనకు అప్పులు మిగిలే ఉన్నాయి.

పాత పుస్తకానికి అంత రేటు ఎందుకు?

ఆ తొలి సంచిక కాపీలు ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద వంద దాకా మాత్రమే మిగిలాయని అంచనా. అప్పట్లో పిల్లలు చదివి పడేసేవారు. యుద్ధం రోజుల్లో బోలెడన్ని పుస్తకాలు పాత కాగితాల కింద పోయాయి.

మిగిలినవాటికి నిపుణులు 0.5 నుంచి 10 దాకా గ్రేడ్ ఇస్తారు. మూలలు నలిగాయా, వెన్ను చిట్లిందా, పిన్నులు తుప్పు పట్టాయా, కాగితం పసుపెక్కిందా.. అన్నీ చూస్తారు. తర్వాత ప్లాస్టిక్ పెట్టెలో సీల్ చేస్తారు. రూ.50 కోట్లు పలికిన కాపీ గ్రేడ్ 8.5.

చిరిగినచోట అతికించి, రంగు పోయినచోట రంగు వేస్తే పుస్తకం కొత్తదానిలా మెరుస్తుంది. కానీ రేటు మాత్రం బాగా పడిపోతుంది! ప్రముఖ గ్రేడింగ్ సంస్థ సీజీసీ అలాంటి వాటికి ఊదా రంగు లేబుల్ వేస్తుంది. కలెక్టర్లు కోరుకునేది ఎవరూ చెయ్యి పెట్టని కాగితాన్ని, షుస్టర్ గీత అచ్చులో ఎలా దిగిందో అలాగే.

చెక్కుకు కూడా వేలం!

ఆ 130 డాలర్లు కలిపి ఇచ్చిన చెక్కు కోర్టు కేసు పుణ్యమా అని భద్రంగా మిగిలింది. దాని మీద ఉన్న మొత్తం 412 డాలర్లు. వెనక షుస్టర్, సీగెల్ సంతకాలున్నాయి. 2012లో వేలం వేస్తే లక్షా 60 వేల డాలర్లు పలికింది. వార్నర్ సంస్థ షుస్టర్‌కు ఒప్పుకున్న భృతి లెక్కన చూస్తే.. అది 8 ఏళ్ల డబ్బు.