మదురైలో తెలుగు గురువు వద్ద చదువుకున్న ఇటలీ సన్యాసి

మదురైకి విహారయాత్ర వెళ్లే బడి పిల్లలు తిరుమల నాయకుని మహలు చూడకుండా తిరిగి రారు. ఆ మహలు కట్టించిన నాయక రాజుల ఇంటి భాష తెలుగని చెప్పగానే మన పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. అదే ఊళ్లో, అదే కాలంలో, ఒక తెలుగు పండితుడి ముందు కూర్చుని చదువుకున్న విదేశీయుడి కథ మాత్రం చాలామందికి తెలియదు. ఆయన పేరు రాబర్టో డి నొబిలి. తమిళనాడు కతోలిక సంఘాలు ఆయనను తత్త్వబోధక స్వామిగా తలుచుకుంటాయి.

నొబిలి 1577లో ఇటలీలో ఒక ఉన్నత కుటుంబంలో పుట్టారు. పెద్ద పదవులు ఆశించే ఇంటివారిని కాదని యేసు సభలో చేరి గురువయ్యారు. 1605లో గోవాలో ఓడ దిగారు. కొంతకాలం ముత్యాల తీరంలోని పరవర్ల మధ్య ఉండి తమిళం మొదలుపెట్టి, 1606 చివర్లో మదురై చేరారు.

అప్పటికే అక్కడ గొన్సాలో ఫెర్నాండెజ్ అనే పోర్చుగీసు గురువు పదేళ్లకు పైగా పనిచేస్తున్నారు. చిన్న బడి, వైద్యశాల నడిపేవారు. మంచివారే. అయినా ఊరి వారెవరూ ఆయన మతంలో చేరలేదు. నొబిలి కారణం వెతికారు. జనం పోర్చుగీసు వారిని పరంగులు అనేవారు. మాంసం తిని, మద్యం తాగి, స్నానం పట్టని మనుషులని ఆ మాటలో అర్థం. ఆ మతంలో చేరడమంటే పరంగిగా మారిపోవడమేనని వారి భయం.

నొబిలి ఆ అడ్డును తొలగించాలనుకున్నారు. కాషాయం కట్టారు, నుదుట గంధం పెట్టారు, కాళ్లకు పావుకోళ్లు తొడిగారు. మాంసం మానేసి రోజుకు ఒక్క పూట శాకాహారం తిన్నారు. మట్టి గోడల ఇంట్లో విడిగా ఉన్నారు. వేషం మార్చడం సులువే, భాష నేర్వడమే కష్టం. తమిళం బాగా మాట్లాడగలిగే వరకు పట్టు వదల్లేదు. రాజు కొలువులోని పెద్దలు, సైనికాధికారులు తెలుగువారు కనుక తెలుగూ నేర్చుకున్నారు.

ఆయన మాటలు విని మొదట ముందుకు వచ్చింది ఫెర్నాండెజ్ బడిలో పిల్లలకు చదువు చెప్పే నాయకర్ల కులపు యువకుడు. ఇద్దరూ రోజుల తరబడి వాదించుకున్నారు. సృష్టి, ఆత్మ, పునర్జన్మ, ఇలా ఒక్కొక్క ప్రశ్నా తేల్చుకున్నాకే ఆ ఉపాధ్యాయుడు జ్ఞానస్నానం పొందాడు. అడిగి, వాదించి, ఒప్పుకున్న మనిషి కనుక మన వృత్తి వారికి అతను నచ్చుతాడు.

తరువాత శివధర్ముడు అనే తెలుగు బ్రాహ్మణ పండితుడు నొబిలికి సంస్కృతం నేర్పారు. వేదాన్ని పరాయి దేశస్థుడికి చెప్పడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. తెలిస్తే సమాజం తీవ్రంగా శిక్షించేది. అయినా ఆ గురువు శిష్యుడి పట్టుదల చూసి చెప్పారు. సంస్కృతాన్ని లోతుగా చదివిన తొలి ఐరోపావారిలో నొబిలి ఒకరు కావడం వెనుక ఉన్నది ఒక తెలుగు గురువు. శివధర్ముడు కూడా 1609లో జ్ఞానస్నానం పొందారు. ఆయన తన జందెం, పిలక తీయలేదు.

గొడవ అక్కడే మొదలైంది. జందెం, పిలక, గంధం అన్యమత గుర్తులని, వాటిని ఉంచనివ్వడం విశ్వాస ద్రోహమని ఫెర్నాండెజ్ పైవారికి ఫిర్యాదు చేశారు. నొబిలి సొంత బంధువైన కార్డినల్ బెల్లార్మిన్ కూడా మొదట కంగారుపడ్డారు. 1619లో గోవాలో జరిగిన సభలో ఎక్కువమంది నొబిలికి ఎదురు నిలిచారు. ఆయన వాదం ఒక్కటే: ఇవి మతానివి కావు, మనిషి కులాన్ని, మర్యాదను తెలిపే గుర్తులు. మనిషి దేవుణ్ణి నమ్మడానికి తన వేషం, భాష వదులుకోనక్కర్లేదు. ఈ మాట నిలబెట్టడానికి శాస్త్ర గ్రంథాల నుంచి ఆధారాలు తీసి లాటిన్‌లో పెద్ద వ్యాసాలు రాశారు. చివరకు 1623 జనవరి 31న పోపు 15వ గ్రెగొరీ ఆ ఆచారాలకు అనుమతి ఇచ్చారు.

ఆ ఏడే ఆయన మదురై దాటి తిరుచిరాపల్లి, సేందమంగలం, సేలం వైపు నడిచారు. సేందమంగలం పాలకుడు రామచంద్ర నాయకుడు ఆయనను ఆదరించారు. మదురై మిషన్ అలా కొంగు సీమ వైపు పాకింది.

ఆయన పద్ధతిలో ఒక లోపం ఉంది, దాన్ని దాచకూడదు. పై కులాల వారిని చేరుకోవడానికి కుల భేదాన్ని ఆయన అలాగే ఉండనిచ్చారు. ఒకే దేవుణ్ణి కొలిచేవారు వేర్వేరు చోట్ల కూర్చున్నారు. నిమ్న కులాల వారి కోసం 1640 నుంచి బల్తజార్ ద కోస్టా వంటి గురువులు పండారస్వాముల వేషంలో తిరిగారు, నొబిలి వారికి అండగా నిలిచారు. అయినా ఆ గోడలు ఆనాడే కూలలేదు. వాటి జాడలు గుడుల్లో ఎంతకాలం మిగిలాయో మన పెద్దలకు తెలుసు.

1640లో మదురైలో ఆయనను బంధించారు, మరుసటి ఏడు విడిచిపెట్టారు. కంటిచూపు క్రమంగా తగ్గింది. పైవారి ఆదేశంతో మదురై వదిలి జాఫ్నా వెళ్లి, అక్కడి నుంచి మైలాపూరు చేరారు. గుడిసెలో ఉంటూ, కళ్లు కనిపించకపోయినా చెప్పి రాయిస్తూ, 1656 జనవరి 16న కన్నుమూశారు. తమిళంలో జ్ఞానోపదేశం, ఆత్మనిర్ణయం వంటి వచన గ్రంథాలు మిగిల్చారు.

1744లో పోపు 14వ బెనెడిక్ట్ ఈ ఆచారాల్లో చాలా వాటిని నిషేధించారు. కానీ మాటలను ఏ ఆజ్ఞా తీసివేయలేదు. తమిళ కతోలికులు చర్చిని కోవిల్ అని, ఆరాధనను పూసై అని, ఫాదర్‌ను గురువు అని పిలవడంలో నొబిలి పాత్ర పెద్దదని చెబుతారు. మన తెలుగు కతోలిక కుటుంబాల్లోనూ గుడి, పూజ, గురువు అన్న మాటలే వాడుతున్నాం.

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పరీక్షకు ఇంగ్లీషు. మూడు భాషలు పిల్లలకు బరువని తల్లిదండ్రులు బాధపడుతూ, మొదట తెలుగునే దించేస్తుంటారు. నొబిలి పెద్దయ్యాక మూడు భాషలు నేర్చారు, ఒకదాని కోసం మరొకదాన్ని వదల్లేదు. ఉపాధ్యాయులకు ఒక చిన్న పని: మీ తరగతి పిల్లలు తమ ఇంట్లో వాడే పది భక్తి మాటలు రాసుకు రావాలి, అది ఏ మతమైనా సరే. వాటిలో ఏది తెలుగు, ఏది తమిళం, ఏది సంస్కృతం అని వారితోనే వెతికించండి. శివధర్ముడు ఒక్క శిష్యుడి కోసం చేసిన సాహసంతో పోలిస్తే మనం చేయాల్సింది ఎంతో తేలిక.