రహీం సారు – ఫుట్‌బాల్ నేర్పిన బడిపంతులు

క్రికెట్ ఆడేవాళ్ళ పేర్లు అడిగితే మన హాస్టల్‌లో మూడో తరగతి పిల్ల కూడ చెప్తది. కాని మన తెలంగాణల పుట్టి, మన దేశం ఫుట్‌బాల్ జట్టుకు రెండుసార్లు ఏషియా క్రీడల బంగారు పతకం తెచ్చిన గురువు పేరు చాలామందికి తెల్వదు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన ఒక బడిపంతులు.

రహీం సారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. అప్పుడు మన ఆదిలాబాదు, కరీంనగరు కూడ నిజాం రాజ్యంలోనే ఉండేవి. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకుంట ఫుట్‌బాల్ ఆడేవారు. చదువు అయినంక కాచిగూడ మిడిల్ స్కూల్లో, తర్వాత చాదర్‌ఘాట్ హైస్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల సారు కూడ అయిండ్రు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి సెక్రటరీ అయ్యారు. చనిపోయేదాక ఆ పని విడిచిపెట్టలేదు.

ఆయన నేర్పే పద్ధతి వేరే ఉండేది. మనందరం కుడికాలితోనే బాల్ తంతం. ఎడమకాలు ఊకె ఉంటది. రహీం సారు చేతగాని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు. కొన్ని పోటీల్లో బాల్‌ని ఒక్కరే ఉరికిచ్చుకుంట పోవద్దు, వెంటనే పక్కవాళ్ళకు ఇయ్యాలె. పొట్టి పిల్లలకు వేరే పోటీలు పెట్టేవారు. వీటికి పైసలు ఎక్కువ అక్కర లేదు. ఒక బాల్, ఒక గ్రౌండు, ఆలోచన ఉంటే చాలు.

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు కోచ్ అయ్యారు. ఆ జట్టు 1950 నుండి 1954 దాక వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. మన దేశం జట్టుకు కూడ ఆయనే కోచ్. 1951లో ఢిల్లీ ఏషియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0 తో ఓడగొట్టి మనవాళ్ళు బంగారం తెచ్చిండ్రు.

కాని మరుసటి సంవత్సరమే పెద్ద దెబ్బ తగిలింది. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1 తో ఓడించింది. మనవాళ్ళు ఎక్కువమంది ఆ చలిలో వట్టి కాళ్ళతో ఆడారు. దాని తర్వాత బూట్లు తప్పకుండ వేసుకోవాలని ఫుట్‌బాల్ సంఘం రూలు పెట్టింది. నాలుగేండ్లకే, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో, మనవాళ్ళు ఆస్ట్రేలియాను 4-2 తో గెలిచి సెమీఫైనల్ దాక పోయిండ్రు. ఏషియాలో అంతకుముందు ఏ దేశం అక్కడిదాక పోలేదు. చివరికి నాలుగో స్థానం వచ్చింది.

1960 రోమ్ ఒలింపిక్స్‌కు పోయిన జట్టులో రహీం సారు కొడుకు హకీం కూడ ఉన్నాడు. కాని ఆయన అక్కడ ఒక్క ఆట కూడ ఆడలేదు. కోచ్ కొడుకు అయినా బయటనే కూసున్నడు.

1962లో జకార్తా ఏషియా క్రీడలు. అప్పటికే రహీం సారుకు క్యాన్సరు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 తో ఓడినం. థాయిలాండు ఆటలో డిఫెన్స్ ఆడే జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డయి. ఇంకొకరైతే ఆయన్ని పక్కకు కూసోపెడుదురు. రహీం సారు సెమీఫైనల్‌కు ఆయన్ని ముందు వరసలో పెట్టారు. కుట్ల తలతోనే జర్నైల్ గోల్ కొట్టిండు.

సెప్టెంబరు 4న ఫైనల్, మళ్ళీ దక్షిణ కొరియాతోనే. పోటీలకు రెండు దేశాలను రానియ్యలేదని మన అధికారి ఒకాయన తప్పు పట్టిండు. దానికి అక్కడి జనం మన మీద కోపంగా ఉండె. దగ్గర దగ్గర లక్షమంది మనకు వ్యతిరేకంగ అరిచిండ్రు. తనకు బంగారు పతకం ఒక్కటి కానుకగా ఇయ్యమని రహీం సారు ఆటగాళ్ళను అడిగారంట. జ్వరం వచ్చి లేచిన మన హైదరాబాదు తంగరాజ్ గోల్ కాసిండు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టిండ్రు. మనం 2-1 తో గెలిచినం.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం సారు చనిపోయారు. ఆ తర్వాత ఏషియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు బంగారం మళ్ళా రాలేదు. 2024లో ఆయన మీద మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది.

చెల్లెళ్ళారా, అక్కలారా, ఆయన జీవితం చదివితే నాకు రెండు సంగతులు సమజైనయి. ఒకటి, చేతగాని కాలు అని ఊకోవద్దు, దానితోనే ఆడుకుంట పోతే చేతనైతది. నాకు లెక్కలు ఎడమకాలు లాంటివి. ఇంట్ల చెప్పేవాళ్ళు లేరు కాబట్టి నేనే రోజు కొన్ని చేస్తున్న. రెండోది, కష్టపడితే చాలు అంటరు గాని వట్టి కాళ్ళతో కష్టపడ్డవాళ్ళు పది గోల్స్‌తో ఓడిండ్రు. బూట్లు, నేర్పే గురువు రెండూ ఉన్నంక ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాక పోయిండ్రు. కాబట్టి వార్డెన్ మేడంకు, సార్లకు మా అందరి మనవి ఏమంటే, ఆడపిల్లలకు కూడ వారానికి రెండు సాయంత్రాలు గ్రౌండు, ఒక బాల్, కాళ్ళకు బూట్లు ఇప్పించగలరు. ఎడమకాలితో తన్నుడు మేమే నేర్చుకుంటం.