పదకొండవ ఆజ్ఞ చెప్పిన లౌడర్‌మిల్కు

ధ్యానభాగములు: లేవీయకాండము 25:23, మొదటి రాజులు 5వ అధ్యాయము



భూమి మనది కాదు, దేవునిదని ధర్మశాస్త్రము బోధించుచున్నది. ఈ సంగతి మనమందరము ఎరిగినదే. అయినను పెద్దవాన వెలిసిన తరువాత వాగులో ఎర్రనీరు పారుచుండగా చూచి, అది దేవుని మన్ను కొట్టుకొని పోవుటయని తలంచువారు అరుదు. ఆలాగు తలంచిన ఒకని జీవితమును ఈ నెల వ్రాయుచున్నాను.

వాల్టర్ లౌడర్‌మిల్కు 1888లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రములో పుట్టెను. ఆక్స్‌ఫర్డులో చదివి, అటవీశాఖలో పనిచేసెను. 1922లో, చైనాలో మిషనరీగానుండిన ఐనెజ్ మార్క్స్ అను ఆమెను వివాహము చేసికొని, ఆమెతో చైనాకు వెళ్లి నాన్‌కింగులోని మిషను విశ్వవిద్యాలయములో చేరెను. కరవులను నివారించు మార్గము వెదకుట ఆయన పని.

అక్కడ పసుపు నదిని చూచి ఆయన నివ్వెరపోయెను. అడుగున మన్ను పేరుకొని పేరుకొని, ఆ నది చుట్టునున్న పొలములకంటె 40, 50 అడుగుల ఎత్తున, కరకట్టల నడుమ పారుచుండెను. కట్ట తెగినయెడల ఊళ్లకు ఊళ్లే మునుగును. ఆ మన్ను ఎక్కడనుండి వచ్చినదో చూచుటకు ఆయన ఎగువకు వెళ్లెను. వాలు భూములను దున్నినందున అవి గండ్లుపడి, లోయలవలె చీలిపోయియుండెను. వానలు తగ్గినందుననే దేశము పాడైనదని కొందరనిరి. అయితే ఆ కొండలమీదనే బౌద్ధుల గుడుల చుట్టు అడవులు పచ్చగా నిలిచియుండెను. వాన అదే, వాలు అదే, మన్ను అదే. కాపుదల మాత్రము వేరు. (మన దేవాలయ ఆవరణలలో ఎన్ని చెట్లున్నవో లెక్కించుకొనదగును.)

1927 మార్చిలో నాన్‌కింగులో అల్లరులు చెలరేగి, ఆ విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్షుడు విలియమ్సు చంపబడెను. లౌడర్‌మిల్కు కుటుంబము ఆ దేశమును విడువవలసివచ్చెను.

తరువాత కాలిఫోర్నియాలో ఆయన చేసిన పరీక్ష మన మెట్టరైతులు తెలిసికొనదగినది. ఆకులు అలములు కప్పియున్న నేలమీద వాననీరు తేటగా ఉండి లోపలికి ఇంకును. బోడినేలమీద చినుకుల దెబ్బకు నీరు బురదయగును; ఆ బురదలోని సన్నని మన్ను నేలయొక్క రంధ్రములను పూడ్చివేయును. అప్పుడు నీరు ఇంకక పైపైన పారి మన్నును ఈడ్చుకొనిపోవును. ఒకే వానకు ఒక చేను తడియుట, పక్కచేను ఎండుట ఇందువలననే.

1933లో అమెరికా ప్రభుత్వము భూసంరక్షణకై ఒక శాఖను స్థాపింపగా, ఆయన దానిలో బెన్నెట్టు అను అధిపతికి సహాయకుడాయెను. 1938, 1939 సంవత్సరములలో ప్రాచీన దేశముల నేలలను పరిశీలించుటకు కుటుంబముతో కారులో బయలుదేరెను. లెబానోను దేవదారుల విషయము బైబిలు చదువువారికి ముఖ్యము. సొలొమోను కాలములో 80,000 మంది మ్రాకులు నరకిన ఆ కొండలమీద ఆయనకు కనబడినవి కొద్ది చిన్న తోపులే. వాటిలో ఒకదానిలో సుమారు 400 చెట్లుండెను. దాని చుట్టు మేకలు రాకుండ రాతిగోడ యుండెను. ఆ గోడ లోపల చిన్న మొక్కలు మొలచుచుండెను. పాలస్తీనా కొండలమీద రాతికట్టలు బాగుచేయబడుచు వచ్చినచోట ద్రాక్షలు, ఒలీవలు కాయుచుండెను. కట్టలు కూలినచోట బండ తేలియుండెను.

1939 జూన్‌లో యెరూషలేము రేడియోలో ఆయన పదకొండవ ఆజ్ఞ అను ప్రసంగము చేసెను. భూమిని స్వాస్థ్యముగా పొందినవారు నమ్మకమైన గృహనిర్వాహకులై మన్నును, నీటిని, అడవిని కాపాడవలెననియు, కాపాడనియెడల వారి సంతతివారు దరిద్రులగుదురనియు దాని సారాంశము. పది ఆజ్ఞలకు మరియొకటి చేర్చుట మనకు తగదని కొందరందురు. నాకైతే అది చేర్చినదిగా తోచదు. లేవీయకాండములో ఉన్నదానినే ఆయన రైతుభాషలో చెప్పెను. గొల్లలను, మేకలను మాత్రము ఆయన మితిమించి నిందించెను. ఆ దేశముల నేల పాడగుటకు యుద్ధములు, పన్నులు మొదలైన కారణములు కూడ కలవని నేటి పండితులు చెప్పుచున్నారు. ఆ రాతికట్టలను తరతరములుగా నిలిపిన అరబ్బు రైతులకు కూడ తగిన ఘనత చెల్లవలెను.

అరువది యేండ్లు దాటిన తరువాత ఆయన ఇశ్రాయేలుకు వెళ్లి, హైఫా పట్టణములోని సాంకేతిక విద్యాలయములో వ్యవసాయ ఇంజనీరింగు విభాగమును స్థాపించుటకు తోడ్పడెను. ఆ విభాగమునకు ఆయన పేరే పెట్టిరి. 1974 మే నెలలో, తన 85వ యేట, బర్క్‌లీ పట్టణములో నిద్రించెను.